డాక్టరమ్మ పుచ్చుపన్ను

పళ్ళ డాక్టరు చదువుకి సీటు వచ్చిన రోజే ఇంట్లోవాళ్ళు ఆ అమ్మాయి అసలు పేరు మర్చిపోయారు. అప్పటినుంచీ "డాక్టరమ్మా, ఆ గిన్నె ఇలా అందుకో", "డాక్టరమ్మా, గేటు వేసిరా" అనడమే. హోదా పెరిగింది గానీ పని తగ్గలేదు. తండ్రికి ఫ్యాన్ల కొట్టు. ఏడాది పొడుగునా చెమటలు కక్కే ఊళ్ళో ఫ్యాన్లు అమ్ముకునే మనిషి కూతురు కాస్తా, మంచు గడ్డకట్టే నగరానికి చదువుకి బయల్దేరింది. అక్కడ మన వ్యాపారం ఎలాగూ సాగదు, నువ్వైనా బాగుపడమని ఆయన దీవించి పంపాడు.

డాక్టరమ్మ ఎవరికీ చెప్పని సంగతులు రెండున్నాయి. ఎడమవైపు కింది దవడలో ఒక పుచ్చుపన్ను ఉందన్నది చిన్నది. పళ్ళ డాక్టరు కుర్చీ అంటే తనకి చచ్చేంత భయమన్నది పెద్దది. చిన్నప్పుడు ఒకసారి ఆ కుర్చీ ఎక్కించారు. డాక్టరు నోట్లో వేలు పెట్టాడు, ఈవిడ కొరికింది. ఆయన ఫీజు కూడా తీసుకోకుండా, మళ్ళీ రావద్దని మర్యాదగా చెప్పి పంపాడు. ఆ మర్యాద ఈవిడ ఈనాటిదాకా పాటిస్తూనే ఉంది. కాలేజీ ఇంటర్వ్యూలో ఈ వృత్తే ఎందుకని అడిగితే, చిన్నప్పటినుంచీ పళ్ళ డాక్టర్లంటే తనకో ప్రత్యేకమైన అభిప్రాయం ఉందని చెప్పింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఉక్కకి పన్ను కూడా సోలి పడుకుంది. మంచు నగరంలో రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద ఎదురొచ్చిన పిన్నిని చూసి "పిన్నీ" అని నోరు తెరిచిందో లేదో, చలిగాలి దూరి తిన్నగా ఆ పన్ను తలుపు తట్టింది. డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు జలజలా రాలాయి. అది చూసి పిన్ని కరిగి నీరై, అమ్మాయిని కావిలించుకుని తనూ ఓ విడత ఏడ్చింది. నన్ను చూడగానే ఏడ్చేసింది పిచ్చిపిల్ల అని ఇప్పటికీ కనపడినవాళ్ళందరికీ చెబుతుంది. కాదని చెప్పే రాతిగుండె ఎవరికుంటుంది?

పిన్నిది కోట్లు బాగుచేసే దుకాణం. తెగిన జిప్పులు, చిరిగిన లైనింగులు, ఊడిన బొత్తాలు, అన్నీ ఆవిడ మిషను కిందికి రావలసిందే. పైన రెండు గదుల్లో కాపురం. అక్క కూతురు కాబట్టి కూతురితో సమానమంటూ, వచ్చినవాళ్ళందరి ముందూ డాక్టరమ్మని నిలబెట్టేది. కోటు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పనిలో పనిగా నోరు కూడా చూపించుకుని వెళ్ళేవారు. అప్పటికి కాలేజీలో నేర్పింది చేతులు కడుక్కోవడం, స్టూలు ఎత్తు సరిచేసుకోవడం. అయినా డాక్టరమ్మ ఫోను లైటు వేసి, లోపలికి తొంగిచూసి, "ఊఁ" అనేది. కాస్త ఆగి మెత్తటి బ్రష్షు వాడమనేది. వాళ్ళు సగం నయమైపోయినట్టే వెళ్ళేవారు.

వీధిలో అడుగుపెడితే మాత్రం ముక్కు మీదుగా మఫ్లరు, మఫ్లరు వెనక బిగించిన నోరు. ఎవరు పలకరించినా తల ఊపడమే. ప్రాక్టికల్స్‌లో ఈవిడకి జతగా పడ్డ కుర్రాడికి టూత్‌పేస్టు డబ్బా మీద బొమ్మలాంటి పలువరస. ఆ వరస వృథా పోకూడదని అయినదానికీ కానిదానికీ నవ్వేవాడు. ముత్యాలబాబని డాక్టరమ్మ మనసులోనే నామకరణం చేసింది. ఆ అబ్బాయి, ఆవిడ చాలా లోతైన మనిషని క్లాసంతా ప్రచారం చేశాడు. లోతున్న మాట నిజమే. ఎక్కడుందో అతనికి తెలీదు.

నొప్పికి విరుగుడు పిన్ని వంటింటి అలమరలో దొరికింది. లవంగనూనెలో దూది ముంచి పన్నులో పెట్టుకోవడం. పళ్ళ కాలేజీ అంతా ఎలాగూ అదే వాసన, అందులో మన వాసన ఎవరు పట్టుకుంటారని డాక్టరమ్మ లెక్క. పోలీస్ స్టేషన్‌లో దొంగసొత్తు దాచుకున్నవాడి తెలివితేటలంటే ఇవే.

ముందు పట్టుకున్నది పిన్నే.

"ఏమే, అస్తమానం కుడిపక్కే నములుతున్నావు? ఆ పక్క పళ్ళు ఎవరికన్నా దాస్తున్నావా?"

"అలవాటు పిన్నీ."

"ఊళ్ళో ఉండగా లేదే ఈ అలవాటు. మీ కాలేజీ నిండా డాక్టర్లేగా, చూపించుకోవే."

"చూపించాలంటే కుర్చీ ఎక్కాలి. ఆ కుర్చీ చూస్తేనే నాకు వణుకు. తెలిస్తే పంపించేస్తారు పిన్నీ. కుర్చీ అంటే భయపడేదాన్ని తెచ్చి కుర్చీ పక్కన ఎవరు నిలబెడతారు?"

పిన్ని మిషను మీదున్న కోటు చెయ్యి పట్టుకుని, కొలవక్కర్లేకపోయినా మళ్ళీ కొలిచింది.

తర్వాతి వారమే ముహూర్తం కుదిరింది. జతగాళ్ళు ఒకరి నోరు ఒకరు పరీక్ష చెయ్యాలని చెప్పారు. డాక్టరమ్మ జ్వరం తెచ్చుకుందామనుకుంది. కానీ జ్వరమంటే కాలేజీ డాక్టరుకి చూపిస్తారు, ఆయన మొట్టమొదట అనేది నోరు తెరవమని. తిరిగి ఊరికెళ్ళి ఫ్యాన్లు అమ్ముకోవడం గురించి కూడా గట్టిగానే ఆలోచించింది. ఆలోచిస్తూ ఆలోచిస్తూనే కాలేజీ గేటు దాకా వచ్చేసింది.

కుర్చీ దగ్గర ముత్యాలబాబు "ముందు మీరు కూర్చోండి" అన్నాడు. "అబ్బే, ముందు మీరు" అంది ఈవిడ. పెళ్ళివారి మర్యాదల్లా ఇది సాగుతుండగా, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని ప్రొఫెసరమ్మ వచ్చింది. పొట్టి మనిషి. కూర్చోమ్మా అంటే డాక్టరమ్మ కూర్చుంది. నోరు మాత్రం తెరుచుకోలేదు. ప్రొఫెసరమ్మ ముత్యాలబాబుని దూదికని అవతలి గదికి పంపింది.

"ఎడమా, కుడా?" అంది మెల్లగా.

డాక్టరమ్మ వేలితో ఎడమ దవడ చూపించింది.

"లవంగనూనె వాసన పై అంతస్తులో రావాలి, రోగులుండేది అక్కడ. మీ క్లాసులో మొదటి రోజునుంచీ వస్తోంది. ఇంతమంది పళ్ళ డాక్టర్ల మధ్య దాన్ని దాద్దామనుకున్నావు చూడు, నీ ధైర్యం మెచ్చుకోవాలి."

"నన్ను పంపించేస్తారా?"

"పుచ్చుపన్నుకా?"

"భయానికి."

ప్రొఫెసరమ్మ నవ్వలేదు. స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఈ కుర్చీలో కూర్చునే వాళ్ళలో ముప్పాతిక మందికి అదే జబ్బమ్మా. నువ్వు చెయ్యి పైకెత్తు, నేను ఆపేస్తాను. ఎన్నిసార్లెత్తినా ఆపుతాను."

డాక్టరమ్మ నోరు తెరిచింది. అద్దం పెదవికి తగలగానే చెయ్యెత్తింది. ఆవిడ ఆపింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ ఎత్తింది. ఏ లోపమూ లేని నోళ్ళు చూసిచూసి విసుగెత్తిన క్లాసుకి అసలుసిసలు పుచ్చుపన్ను దొరికిందని తెలిసి, అందరూ కుర్చీ చుట్టూ మూగారు. సినిమా టిక్కెట్లకి కూడా అంత తోపులాట ఉండదు.

"పన్ను ఎక్కడికీ పారిపోదు," అంది ప్రొఫెసరమ్మ. "ముందు ఈమె చేతులు చూడండి."

కుర్చీ చేతిని పట్టుకున్న డాక్టరమ్మ వేళ్ళు సున్నంలా తెల్లబడి ఉన్నాయి. అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆ పన్ను ఎప్పుడు పూడుస్తారో కూడా ప్రొఫెసరమ్మ అక్కడే చెప్పేసి, పక్క కుర్చీకి వెళ్ళిపోయింది.

ఇక ముత్యాలబాబు వంతు. అతను వెనక్కి వాలాడు. ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. అంత చక్కటి పళ్ళు కావడంతో, పాపం, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఈ కుర్చీ ఎక్కే అవసరం రాలేదట. డాక్టరమ్మ అతని నోటి వైపు చూడలేదు. ఛాతీ మీద పరిచిన గుడ్డ అంచు నలిపేస్తున్న వేళ్ళ వైపు చూసింది.

"చెయ్యెత్తితే ఆపేస్తాను," అంది.

అతను వెంటనే ఎత్తాడు.

"నేనింకా మొదలే పెట్టలేదండీ."

"తెలుసండీ," అన్నాడు కళ్ళు గట్టిగా మూసుకునే. "నిజంగా ఆపుతారో లేదోనని."

డాక్టరమ్మ అద్దం ట్రేలో పెట్టేసి, స్టూలు ఓ జానెడు వెనక్కి జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.