పేరు చెక్కని నలభయ్యో రాయి

పొద్దున ఐదున్నర బస్సుకు కడపలో బయలుదేరాను. ఎగుమతి సరుకు చూసి, అంతా సరిగ్గా ఉందని పత్రం ఇవ్వడం నా పని. బేతంచెర్లలో ఒక శెట్టిగారు బెల్జియం వ్యాపారికి నలభై సమాధి రాళ్లు పంపుతున్నారు. ముఖం చూడని మనిషిని నమ్మేదెలా? అందుకే మధ్యలో బ్యాంకులు. ఒప్పందం ప్రకారం పత్రాలు అందితే డబ్బు తానే ఇస్తానని ఆ వ్యాపారి బ్యాంకు ముందే రాసిచ్చింది. ఆ పత్రాల్లో నాదొకటి.

నంద్యాలలో ఇడ్లీ తిని ప్యాసింజర్ ఎక్కాను. అటు వెళ్లేవారు నీళ్లు వెంట ఉంచుకోండి. "రాయి కోసే సప్పుడు ఆగితే మా ఊర్లో నిద్దర పట్టదు నాయనా" అంది పక్కనున్న ముసలామె.

శెట్టిగారి షెడ్డులో ఆ చప్పుడే లేదు. ముప్పై తొమ్మిది రాళ్లు పెట్టెల్లో ఉన్నాయి. నలభయ్యోది గోడవైపు తిప్పి, గోనెపట్టా కప్పి ఉంది. దాని మీద చెక్కాల్సింది ఆ వ్యాపారి పేరే. తన రాయి తానే చేయించుకుంటూ, చావు సంవత్సరానికి చోటు ఖాళీగా వదలమన్నాడు. రాళ్ల మీద పేర్లు చెక్కే హుస్సేన్ ఉలి పట్టనంటున్నాడు.

"బతికుండే మనిషి పేరు గోరీ మీద రాస్తే ఆయప్ప పోతాడు సార్."

సాయంత్రం లారీ చెన్నై రేవుకు కదలాలి. గడువు దాటితే బ్యాంకు మాట చెల్లదు. శెట్టిగారు ఇల్లు తాకట్టు పెట్టి ఈ సరుకు చేయించారు. నాకు విసుగొచ్చింది. పేరు లేనిదే సంతకం పెట్టనన్నాను. హుస్సేన్ ఉలి తీసుకున్నాడు.

మూడింటికి చివరి అక్షరం పూర్తయింది. నేను సంతకం పెడుతుండగా శెట్టిగారి ఫోన్ మోగింది. బెల్జియం నుంచి గుమాస్తా. తన యజమాని, అదే ఆ వ్యాపారి, ఇప్పుడే కుర్చీలోనే ఒరిగి ప్రాణం విడిచాడట.

"మరి నా దుడ్లు?" అన్నారు శెట్టిగారు.

వస్తాయన్నాను. మాటిచ్చింది బ్యాంకు, ఆయన కాదు.

హుస్సేన్ మళ్లీ రాయి ముందు కూర్చున్నాడు. "ఇంగ సంవత్సరం గూడా చెక్కుతా సార్. ఆ చోటు అట్లా వదిలేది మంచిది కాదు."

వద్దన్నాను. ఖాళీగా ఉండాలనే ఒప్పందంలో ఉంది. ఒక్క అక్షరం ఎక్కువైనా బ్యాంకు ఒప్పుకోదు. అతను రాయిని పెట్టెలోకి ఎక్కించి మేకులు కొట్టాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. మనిషి పోయినా డబ్బు ఆగని ఏర్పాటు, గట్టిదే. శెట్టిగారి ఇల్లు నిలిచింది. అంతా కాకతాళీయమని నంద్యాల దాకా నాకు నేనే చెప్పుకున్నాను. కానీ హుస్సేన్ చెక్కనన్నప్పుడు చెక్కించాను, చెక్కుతానన్నప్పుడు ఆపాను. చావు సంవత్సరం లేని ఆ రాయి సరిగ్గా ఉందని నేను సంతకం పెట్టిన పత్రంలో ఆ వ్యాపారి ఇంకా బతికే ఉన్నాడు.