గుర్తు లేదని చెప్పాను

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. ఆ మాట దిగదు, పైకీ రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

సాలూరు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ఆయాగా చేశాను. గదులు ఊడవడం, తాళాలు తీయడం, గంట కొట్టడం నా పని. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ, జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఏ పిల్ల ఏ వారం పుట్టిందో ఇప్పుడడిగినా చెప్తాను. "దాని ముందర నోరు జారకండే, మీ మనవలకి కూడా అప్పసెప్పీగల్దు" అని మా తోడికోడలు నలుగురినీ నవ్వించేది. ఆ పేరంటే నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఆ ఏడు మా బడికి గోడంత టీవీ ఒకటి వచ్చింది. నల్లబల్ల మీద రాసినట్టు దాని మీద వేలితో రాయొచ్చు, అందుకే దాన్నీ బల్ల అనే అనేవాళ్లం. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని మాస్టర్లందరూ దానికి దూరంగా తిరిగారు. అరసవల్లి నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ ఒక్కతే దాన్ని ముట్టుకుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మీరు బడిలో పాఠం చెప్పేవారైతే ఆవిడ పద్ధతులు మీకూ పనికొస్తాయి, వినండి. మా ఊళ్లో నెట్టు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు గనుక పాఠాన్ని ముందు రోజే పెన్‌డ్రైవులో ఎక్కించుకుని వచ్చేది. అదే పాఠం చార్టు మీద కూడా గీసి తెచ్చేది, కరెంటు పోతే పిల్లలు ఖాళీగా కూర్చోకూడదని. ఎండ పడితే వెనక బెంచీలకు ఏమీ కనబడదని పడమటి కిటికీకి నా పాత చీర ఒకటి కట్టించింది. తెర మీద బొమ్మను చివరిదాకా ఆడనిచ్చేది కాదు. కొంచెం చూపించి ఆపేసేది. తరవాత ఏమవుతుందో పిల్లల చేత చెప్పించి, అప్పుడు మిగతాది వేసేది. కథ చెప్పేటప్పుడు మేమూ అంతే కదా. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలనే ముందు పిలిచేది. ఏడాదంతా నోరు విప్పని ఒక ఆడపిల్ల ఆ బల్ల మీద త్రిభుజం గీసి, వెనక్కి తిరిగి నవ్వడం నేను గుమ్మంలో నిలబడి చూశాను.

ఆపడానికీ ఒక వరస ఉండేది. ముందు తెర మీదే ఆపాలి. అది పూర్తిగా నల్లబడ్డాక స్విచ్చి. సెలవలైతే ప్లగ్గు కూడా లాగేయాలి, పిడుగులకి. తుడిస్తే పొడిగుడ్డే. నీటి చుక్క తగలకూడదు. ఇదంతా నాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. సెలవలయ్యాక పొద్దున్న గంట కొట్టే ముందు మళ్లీ ప్లగ్గు పెట్టే పని నాకే అప్పగించింది.

ఇక నేను చేసింది.

మా ఆయన బతికున్న రోజుల్లో సాలూరులో లారీ మీద పనిచేసేవాడు. దసరాకి లారీని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీద చల్లేవాళ్లం. అన్నం పెట్టే వస్తువుకి ఏడాదికోసారైనా దండం పెట్టకపోతే అది అలుగుతుందని మా నమ్మకం. ఆ దసరా సెలవల్లో బడికి వెళ్లి చీపురికి బొట్టు పెట్టాను, గంటకి పెట్టాను. తరవాత లెక్కల గది తాళం తీశాను. మాటరాని పిల్లకి మాట తెచ్చిన బల్లను ఎలా వదిలేస్తాను? తడి పసుపు నాలుగు మూలలా రాశాను. కాయ కొట్టి నీళ్లు చల్లాను. అవి తెర మీంచి జారి అడుగున సందులోకి దిగాయి. చూస్తూనే ఉన్నాను. టీచరమ్మ చెప్పింది అప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దేవుడి నీళ్లు కదా, ఏమీ చేయవనుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక అలా అనుకున్నానని తరవాత నాకు నేనే చెప్పుకున్నానా? ఇన్నేళ్లుగా తేలలేదు. మర్నాడు వెళ్లి మరకలు తుడిచేశాను.

సెలవలయ్యాక ఎప్పటిలాగే పొద్దున్నే ప్లగ్గు పెట్టాను. టీచరమ్మ వచ్చి నొక్కితే బల్ల వెలగలేదు. విజయనగరం నుంచి వచ్చిన మెకానిక్ వెనక మూత విప్పి, లోపల మాడిపోయిందన్నాడు. సెలవల్లో ప్లగ్గు ఉంచేసుంటారు, పిడుగుకి పోయుంటుందన్నాడు. పెద్ద మాస్టారు నన్ను పిలిచి, ఆ పొద్దున్న గది తెరిచేసరికి ప్లగ్గు గోడకే ఉందా అని అడిగారు. లేదని చెబితే పిడుగు కాదని తేలిపోతుంది, తరవాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. తాళం ఎవరి దగ్గర ఉంది?

"ఉన్నాది బాబూ," అన్నాను.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ వరండాలోకి వచ్చింది. నేను ఊడుస్తున్నాను.

"ఆయమ్మా, సెలవలకి ముందు సాయంత్రం నేను ప్లగ్గు తీసీసినాను కదా. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఏమోనమ్మా. నాకు గురుతు నేదు."

"నీకు గురుతు లేకపోవడమేటి?"

"వయసొచ్చీసింది కదమ్మా."

ఆవిడ నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. "అయితే నేనే మర్సిపోనానేమో," అంది.

చూశారా? తన కళ్ల కన్నా నా జ్ఞాపకాన్నే ఎక్కువ నమ్మింది. ఊరంతా నమ్మేదాన్ని ఆవిడ మాత్రం ఎందుకు నమ్మదు?

టీచరమ్మకి పైనుంచి మెమో వచ్చింది. బాగు చేయించడం మా వల్ల కాదని ఆ గదికి తాళం వేశారు. టీచరమ్మ పుస్తకం చూసి పాఠం చదవడం మొదలుపెట్టింది. చార్టులు కూడా మానేసింది. సాయంత్రం గేటు దాకా వెళ్లి, ఫ్యాను స్విచ్చి ఆపిందో లేదో చూసుకోవడానికి వెనక్కి వచ్చేది. ఒకసారి కాదు, రోజూ. ఆ ఆడపిల్లను మళ్లీ ఎవరూ బల్ల దగ్గరకు పిలవలేదు. వేసవిలో టీచరమ్మ బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది.

నిరుడు అరసవల్లి గుడి దగ్గర ఎదురుపడింది. నేనే తప్పుకుని పోదామనుకున్నాను. ఆవిడే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. పక్కన భర్త, చంకలో పాప. గ్యాసు కట్టేసిందో లేదోనని ఆ రోజు కూడా సగం దారి నుంచి ఇంటికి వెనక్కి వెళ్లి వచ్చారట. "ఈవిడితో బస్సు అందుకోడం ఆ సూర్యుడి వల్ల కూడా కాదండి," అన్నాడు భర్త. తనకు మొదటి నుంచీ మతిమరుపేనని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి నా ఉద్యోగం అయిపోయింది, పోవడానికి ఏమీ లేదు. అయినా నోరు రాలేదు. ఆ చెయ్యి వదిలేస్తుందేమోనన్న భయం. పాప బాగుంది అన్నాను. అంతే.

క్షమించమని అడగను. ఆ మాట అడిగే అర్హత నాకు లేదు. ఇది రాశాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగింది, అది చాలు.

టీచరమ్మా, మీకు మతిమరుపు లేదు. ఆ సాయంత్రం మీరు ముందు తెర మీద ఆపారు. అది నల్లబడేదాకా ఆగారు. స్విచ్చి నొక్కారు. ప్లగ్గు లాగి, తీగను మూడు చుట్లు చుట్టి మేకుకి తగిలించారు. నీలం చీర కట్టుకున్నారు. నాకు అన్నీ గుర్తున్నాయి.