తోక తెగిన నెమళ్ళు

ఇది డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సివిల్స్ కోచింగ్ అని ఢిల్లీ వచ్చిన ఆ రోజుల్లో, ఓల్డ్ రాజిందర్ నగర్ రీడింగ్ రూములో, లావుపాటి రాజ్యాంగం పుస్తకం చాటున నేను దీక్షగా చదివింది ఒక బొమ్మ భుజాల కొలతలు. దేశసేవలో ఎవరి దారి వారిది. ఆర్.కె. పురం క్వార్టర్లో నన్ను ఉంచుకున్న పిన్ని అదంతా ఆదివారం సరదా అనుకునేది. "మనవైపు తోలుతో బొమ్మలు చేస్తారే. నువ్వేంటి, బొమ్మకి తోలు తొడుగుతున్నావు?" అని నా తోలు ముక్కల్ని చెప్పుల స్టాండులో సర్దింది (ఆ ఇంట్లో కళకు దక్కిన స్థానం అది).

బొమ్మ, పిన్నికి తెలిసిన వసంత్ కుంజ్ తెలుగు ఆంటీది. మూరెడు పొడుగు, కీళ్ళన్నీ కదిలే ఖరీదైన బొమ్మల్ని ఆవిడ అద్దాల బీరువాలో దాచుకునేది. వాటిని సేకరించేవాళ్ళంతా ఆవిడింట్లో కలిసే రోజుకి ఒక బొమ్మను నా చేతికిచ్చి, దానికి లెదర్ జాకెట్ కుట్టమంది. వాళ్ళకు నచ్చితే నాకు పని దొరుకుతుంది, పని దొరికితే 'నాన్నా, నేను పరీక్ష రాయను' అనొచ్చు. అంటే నా తరఫున బొమ్మ మాట్లాడాలన్నమాట.

జాకెట్ రెండు చేతుల మీదా రెండు నెమళ్ళు వేశాను, తోకలు మణికట్టు దాకా. తీరా తొడగబోతే బొమ్మ వేళ్ళు జాకెట్ చేతిలో దూరలేదు. గుడ్డలా తోలు సాగదు. ఆంటీని ఒక్క మాట అడిగితే పోయేది. మూడు వారాల పాటు 'ఆంటీ, చిన్న సందేహం' అని టైపు చేసి చెరిపేశాను (డైరీలో మాత్రం నాలుగు పేజీలు అడిగాను). చివరికి తెలివైనవాళ్ళు చేసే పనే చేశాను. జాకెట్ చేతుల కుట్లు బొమ్మ ఒంటిమీదే వేసేశాను.

ఆ రోజు అందరూ నెమళ్ళను మెచ్చుకున్నారు. అంతలో గుర్‌గావ్ నుంచి వచ్చిన ఒకావిడ, "బేటా, జరా ఉతార్ కే దిఖానా," అంది. విప్పి చూపించాలట, లోపలి కుట్టు చూస్తుందట. ఊడిరాదని చెప్పడానికి నోరు రాలేదు. సంచిలోంచి బ్లేడు తీసి, నవ్వుతూనే, రెండు నెమళ్ళ తోకలూ నిలువునా కోసేశాను. అప్పుడే టీ ట్రేతో వచ్చిన ఆంటీ, "అయ్యో, ఎందుకు కోశావు?" అంటూ బొమ్మ అరచేతిని సీసా మూతలా టప్పున ఊడదీసింది. ముందు అరచేతులు తీసి తొడగాలట. అక్కడ ఆ సంగతి తెలియనిది నాకొక్కదానికే.

పనీ రాలేదు, బొమ్మా నా తరఫున మాట్లాడలేదు. ఇంటికెళ్ళే బస్సులో నాన్నకు నేనే ఫోన్ చేసి పరీక్ష రాయనని చెప్పాను. ఆయన, "మరి ముందే చెప్పొచ్చుగా," అన్నారు. ఇప్పుడు నా పని బొమ్మలకు జాకెట్లు కుట్టడమే. కొలతలు తీసుకునే ముందు ప్రశ్నలతో అందరినీ విసిగిస్తాను. ఆనాటి ఆ సంచీ పిల్ల, అదే నేను, గుర్తొస్తే నవ్వూ వస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇవ్వాలనీ ఉంటుంది. నెమళ్ళను కోసిన ఆ నెలలోనే అంకుల్‌కి బదిలీ అయి ఆంటీ వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళే రోజు గేటు దగ్గర, తెగిన జాకెట్‌ను నా చేతిలో పెడుతూ ఆవిడ అన్నదే చివరి మాట.

"చేతులు ఊడొచ్చేది బొమ్మకి, తల్లీ. అడిగితే నీ నోరేం ఊడిపోదు."