బయటికెళ్లే చొక్కా

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎందుకుండదు మరి! భిలాయిలో క్యాజువాలిటీ నర్సుగా ఏళ్ల తరబడి పనిచేశాను. కాలిన చేతికి టూత్‌పేస్టు పూసి తెచ్చేవాళ్లు, నీలం సిరా పోసి తెచ్చేవాళ్లు, ఆలుగడ్డ తురిమి అంటించి తెచ్చేవాళ్లు. ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? కుళాయి కింద పెట్టండర్రా, చల్లటి నీళ్లు చాలు అని తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, నాకొచ్చిన నాలుగు ఛత్తీస్‌గఢీ ముక్కల్లోనూ చెప్పాను. "అచ్ఛా దీదీ" అని తలూపి వెళ్లేవారు. మళ్లీ వారం అదే టూత్‌పేస్టు.

అయినా తలుచుకుంటే ఈనాటికీ నా ఒళ్లు మండేది వాళ్ల మీద కాదు.

తొంభైల నడుమ ఓ వేసవి మధ్యాహ్నం. అన్నం డబ్బా మూత తీశానో లేదో, ఆసుపత్రి వాకిట్లో మినీ లారీ ఆగింది. పారిశ్రామిక వాడలో ఇనుము పోతపోసే చిన్న కార్ఖానా ఒకటుంది. అక్కడ కరిగిన ఇనుము తడి అచ్చులో పడి ఎగజిమ్మిందట. పక్కనున్న నూనె డబ్బాలు అంటుకుని షెడ్డంతా పొగ కమ్మేసిందట. ఐదుగురిని తెచ్చారు. ఐదుగురూ శ్రీకాకుళం వైపు వాళ్లే. ఇద్దరికి కాళ్లు, ఒకడికి రెండు చేతులు, ఇంకొకడికి వీపు. నలుగురూ "ఓలమ్మో, ఓర్నాయనో" అని ఆసుపత్రి ఎగిరిపోయేలా కేకలు. షరా మామూలే, కాళ్లకి నీలం సిరా, చేతులకి టూత్‌పేస్టు.

ఐదో మనిషి వాళ్ల మేస్త్రి. ఆ నలుగుర్నీ ఊరి నుంచి పనికి తీసుకొచ్చింది ఆయనే. యాభై దాటి ఉంటాయి. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు, కడుక్కున్న మొహం, తడిపి దువ్విన జుట్టు. లారీలోంచి తనంతట తనే దిగాడు. దిగి, వీపు కాలినవాణ్ని పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చాడు.

"నీకేమైందయ్యా?" అని అడిగాను.

"నాకేటి కానేదమ్మా. ముందు నా ఓళ్లని సూడండి."

"అయితే ఆ బల్ల మీద కూర్చో" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో ఆయన్ని జాబితాలోంచి కొట్టేశాను. సరిగ్గా వారం కిందటే నర్సింగ్ విద్యార్థినులను వరసగా నిలబెట్టి, "నలుగురు కాలినవాళ్లు వస్తే, అరిచేవాడికి ఊపిరి ఆడుతోందన్నమాట. అరవనివాడి దగ్గరకి ముందు వెళ్లండి" అని పాఠం చెప్పాను. చెప్పేటప్పుడు బాగానే చెప్పాను!

ఇక మొదలైంది నా గోల. డ్యూటీలో ఉన్నది ఒక్క డాక్టరు, నేను, ఒక ఆయా. సెలైన్ సీసాలు స్టోర్లో ఉన్నాయి, స్టోరు తాళం చెవి భోజనానికి ఇంటికి వెళ్లింది. తాళం పగలగొట్టమని అరిచాను. ఆయా బిత్తరపోయి చూస్తుంటే నేనే ఇనుప స్టాండుతో బాదాను. ఈలోగా కార్ఖానాలో లెక్కలు రాసే మున్షీ వచ్చి నా మోచేతి పక్కన నిలబడ్డాడు. "సిస్టర్, సీరియస్ కిత్‌నే హై? సేఠ్‌కో బతానా హై." ఎంతమందికి సీరియస్సో వాళ్ల యజమానికి చెప్పాలట. పొమ్మన్నాను. పోలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న జనం చాలదన్నట్టు వాళ్లకి కుర్చీలు కూడా వేశారెవరో.

ఒకడికి సూది గుచ్చుతుంటే ఇంకొకడు మంచం మీంచి దూకబోయాడు. వాళ్లు నా మాట వినడం లేదు, మేస్త్రి మాటైతే వింటున్నారు. అందుకని ఆయన్ని వాడుకున్నాను.

"మేస్త్రీ, కదలొద్దని చెప్పు వీడికి!"

"ఒరే, కదలకురా. సిస్టరమ్మ మన తెలుగమ్మే."

"మేస్త్రీ, వీడికి సుగర్ గానీ ఉందా?"

"నేదమ్మా."

సిరా కడుగుతూ, సెలైన్ ఎక్కిస్తూ, ధనుర్వాతం ఇంజెక్షన్లు ఇస్తూ వెనక్కి తిరక్కుండానే అడుగుతున్నాను. వీడి వయసెంత, వాడికి బరువెంత, పొద్దున్న ఏం తిన్నాడు. జవాబులు వస్తున్నాయి. వచ్చేకొద్దీ చిన్నవవుతున్నాయి.

"గట్టిగా చెప్పవయ్యా! ఏం గొంతది? ఇక్కడ చచ్చిపోతున్నాం మేము!" అని కసిరాను.

ఆయన ఇంకేదో అన్నాడు. వినబడలేదు. విసుక్కుని, ఆ వయసేదో నేనే ఉజ్జాయింపుగా రాసేసుకున్నాను.

కాసేపటికి ఆయా నా భుజం తట్టింది. "దీదీ, ఆ బల్ల మీదాయన రుమాల్లో నల్లగా ఉమ్మి, మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు."

అప్పుడు తిరిగి చూశాను. కనుబొమలు లేవు. మీసం కొసలు ముడుచుకుపోయి ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి సన్నటి కూత. గబగబా గుండీలు విప్పాను. మెడ కింద నుంచి ఛాతీ దాకా ఎర్రగా బొబ్బలు. నలుగుర్నీ పొగలోంచి బయటికి లాగింది ఈయనే. ఆ కార్ఖానాల్లో ప్రతివాడికీ షెడ్డు గోడకి మేకు మీద ఒక మంచి చొక్కా ఉంటుంది. బయటికెళ్లే చొక్కా అంటారు దాన్ని. కాలిన బనీనుతో పెద్దాసుపత్రికి ఏం వెళ్తామని, మొహం కడుక్కుని, మసంతా పోగొట్టుకుని, అది తొడుక్కుని వచ్చాడు. పొగ మింగాడని నాకు తెలిపే గుర్తులన్నీ కుళాయి దగ్గరే కడిగేసుకున్నాడు. నాన్న అలాంటి కార్ఖానాలోనే పనిచేసి బతికిన ఇంట్లో పుట్టాను నేను. ఆయనకూ ఉండేది అలాంటి చొక్కా. నాకు తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?

డాక్టరు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయబోతే దిగలేదు, లోపల అంతా వాచిపోయింది. ఆపరేషన్ గదిలోంచి సర్జన్ పరిగెత్తుకొచ్చి గొంతు దగ్గర కోసి గాలికి దారి చేశాడు. చొక్కా నేనే కత్తెరతో కత్తిరించాను. ఆ కాసేపూ ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి. అరగంట ముందే, ఆ వాపు రాకముందే, ఆ గొట్టం హాయిగా దిగేది.

బతికాడు. మిగతా నలుగురూ బతికారు. వానలు పడ్డాక ఓ రోజు పరీక్షకి వచ్చాడు. మెడ మీద మచ్చ, కొత్త చొక్కా. మాట మాత్రం గాలిలా వస్తోంది, దగ్గరికి వంగితే తప్ప వినబడదు. ఇక ఇంతేనని డాక్టరు చెప్పేశాడట. షెడ్డులో ఆ చప్పుళ్ల మధ్య పిలుపు వినబడని మేస్త్రి ఎందుకని సేఠ్ వేరే మనిషిని పెట్టుకున్నాడట.

"మీకు సాలా శ్రమ ఇచ్చానమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అదేం మాటయ్యా! ఊపిరాడటం లేదని ఆ రోజే ఒక్క మాట చెప్పొచ్చుగా? నోరెందుకు మూసుకున్నావు?"

ఆయన మంచినీళ్లు అడిగి, ఒక గుక్క తాగి, నావైపు వంగాడు.

"సెప్పానమ్మా. గట్టిగా సెప్పమని కసిరినారు కదా, అప్పుడు సెప్పింది అదే."