ఓడ నుంచి వచ్చిన తెల్లగుడ్డ

షికారు ఓడల్లో భోజనాల బల్లల మీద టేబుల్ క్లాత్‌లు ఉండాలా, తీసేయాలా అని ఒక పెద్ద తగవు నడుస్తోందని మా తమ్ముడు చెప్పేదాకా నాకు తెలియదు. నేను సముద్రం చూసింది మైపాడులో, అదీ మోకాళ్ల లోతు వరకే. ఓడను క్యాలెండరు బొమ్మల్లో తప్ప చూసింది లేదు. అయినా ఆ తగవులో నా మాట నాకుంది. నన్నెవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది చాకలి ఇల్లు. మా నాయన ఉదయగిరిలో ఇళ్ల బట్టలు ఉతికేవాడు. కొండ కింద ఊరు, నీళ్లకు ఎప్పుడూ కటకటే. అందరికంటే ఎక్కువ నీళ్లు కావలసింది మాకు, ఒక చెంబెడు కూడా మాదని చెప్పుకోలేనిది మేమే. ఎవరి చేలో మోటారు ఆడుతుంటే ఆ రోజుకు అదే మా రేవు. మధ్యలో కరెంటు పోతే సబ్బు నురగతోనే బట్టలు మూటగట్టి, సైకిలు మీద పెట్టుకుని ఇంకో చేనికి పోయేవాళ్లం. తడిమూట బరువుకు సైకిలు ఒక పక్కకు ఒరిగిపోయేది. నేను వెనక నుంచి పట్టుకుని నడిచేదాన్ని.

పెద్ద రైతుల ఇళ్లలో పెళ్లయితే పెళ్లికూతురు నడిచే దారిలో ఉతికిన చీరలు పరచడం కూడా మా నాయన పనే. మడుగులు అంటారు వాటిని. ఆమె దాటిపోయిన చీరను వెనక నుంచి తీసి, పక్కనుంచి పరుగున వచ్చి ముందు పరిచేవాడు. మండపం దాకా నడుం ఎత్తేవాడు కాదు. నాకది చూస్తే ఒళ్లు మండేది.

"ఆమె కాళ్లకి మట్టంటితే ఏమైతాది నాయనా?" అని ఒకసారి అడిగేశాను.

"ఏమీ గాదు పాపా. ఆ పెళ్లిలో మనం గూడా ఉండామని నలుగురికీ తెలస్తాది" అన్నాడు.

తర్వాత టెంటు హౌసులు వచ్చి ఎర్ర తివాచీలు పరవడం మొదలైంది. మా నాయనను పిలవడం మానేశారు. పీడ విరగడైందని నాకు సంతోషం వేసింది. ఆయనకు మాత్రం లేదు. ఊళ్లో మేళం వినపడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. అమ్మ ఏదో ఒక పని చెప్పి లోపలికి పిలిచేది.

నన్ను ఆత్మకూరుకు ఇచ్చాక అమ్మ, నాయన, తమ్ముడు కూడా ఇక్కడికే వచ్చేశారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాయన బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. మా తమ్ముడు చెన్నైలో ఒక హోటల్లో బట్టలుతికే మిషన్ల మీద పనిచేసి, ఆ అనుభవంతో ఓడ మీదికి పోయాడు. లాండ్రీలో పని. ఆ రోజు నుంచి మా నాయన నడకే మారిపోయింది. ఇస్త్రీకి బట్టలు తెచ్చిన ప్రతివాడికీ చెప్పడమే. "మావాడు ఓడలో ఉండాడు. ఆడ గూడా మన పనే." చివరి మాట అనేటప్పుడు ఇస్త్రీ పెట్టెను ఒకసారి పక్కన పెట్టి మరీ అనేవాడు. వింటున్నవాడు బస్సు తప్పిపోతోందని గింజుకుంటున్నా వదిలేవాడు కాదు.

తమ్ముడి ఫోన్ వస్తే మేమంతా చుట్టూ చేరేవాళ్లం. లాండ్రీ ఓడ అడుగున ఉంటుందట. కిటికీ ఉండదట. పైన భోజనాల హాలులో రాత్రి రెండు బంతులు నడుస్తాయి. ఒక బంతి లేచిందంటే బల్లల మీది గుడ్డలన్నీ కిందికి వచ్చేస్తాయి, కొత్తవి పైకి పోతాయి. ఆవిరి రోలర్ల మధ్య నుంచి అవి అప్పడాల్లాగా వచ్చి పడతాయట. మా నాయనకు రోలర్ల గొడవ అక్కర్లేదు.

"ఏం మరకలు పడతాయిరా వాటి మీద?"

"ఎర్ర సారాయి ఉంటాది నాయనా. కాఫీ, మాంసం రసం."

"పసుపో?"

"పసుపు ఎవురేసుకుంటారు ఆడ?"

"అదృష్టవంతుడివిరా. పసుపు లేకపోతే చాకలిపని రాజా పని" అని మా నాయన నవ్వాడు. ఆయనకు జీవితమంతా పసుపుతోనే యుద్ధం. సబ్బు పెడితే ఎర్రగా మారి వెక్కిరిస్తుంది, రుద్దితే ఇంకా పాకుతుంది. ఎండలో ఆరేస్తే మాత్రం మెల్లగా వెలిసి విరిగిపోతుంది. కూరల మరకలున్న బట్టలను ఆయన ఉతికి ఎండకు అప్పజెప్పి ఊరుకునేవాడు.

టేబుల్ క్లాత్‌లు తీసేస్తున్నారని తమ్ముడు చెప్పింది రెండో కాంట్రాక్టు మధ్యలో. ముందు పొద్దుటి భోజనాలకు తీసేశారు. తర్వాత మధ్యాహ్నానికి. చివరికి రాత్రికి కూడా నున్నటి చెక్క బల్లలే. ప్రయాణికుల్లో దీని మీద రెండు పార్టీలయ్యాయి. వాళ్లు నెట్లో రాసుకున్న రాతలన్నీ తమ్ముడు వీడియో కాల్‌లో చదివి, నాయన బండి దగ్గర కూర్చున్న నాకు తెలుగులో చెప్పేవాడు. సూటూ బూటూ వేసుకుని వచ్చి కాఫీ హోటల్లో లాగా ఉత్త బల్ల మీద తినాలా అని ఒకాయన. గుడ్డ లేకపోతే కంచాల మోతకు పక్కవాళ్ల మాట వినపడటం లేదని ఒకామె. ఇంత డబ్బు పోసింది ఇందుకేనా అని ఇంకొకాయన. అవతలి పార్టీ వాళ్లేమో నీళ్లు మిగులుతాయి, సబ్బు మిగులుతుంది, సముద్రం బాగుపడుతుంది, ఈ కాలంలో గుడ్డలేంటి అంటారు. అవన్నీ చదివి వినిపించాక నేనడిగాను.

"ఉతికేవాళ్ల సంగతి ఎవురన్నా రాసినారా?"

తమ్ముడు ఆ రాతలు మళ్లీ పైకీ కిందికీ జరిపి చూశాడు. "లేదక్కా" అన్నాడు.

నాకు రెండు పార్టీల మీదా కోపం వచ్చింది. గుడ్డ కావాలన్నవాడు తన దర్జా కోసం కావాలన్నాడు, వద్దన్నవాడు తన మంచితనం కోసం వద్దన్నాడు. ఆ గుడ్డ ఎక్కడికి పోయి తెల్లగా తిరిగొస్తోందో ఒక్కరికీ పట్టలేదు. నా మటుకు నేను ఉంచాలి అన్నాను. ఒళ్లు మండి అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

మా నాయన మాత్రం నా వైపు రాలేదు. బండి దగ్గర బొగ్గులు ఎగదోస్తూ అంతా విన్నాడు.

"నీళ్లు మిగలబెడతామంటే తప్పేముండాది పాపా? నీళ్లు లేక మనం పడలా?" అన్నాడు. ఇంకో రెండు బొగ్గులు వేసి, "ఉతికేవాళ్లని ఏం చేస్తారంట మరి?" అన్నాడు.

ఏం చేస్తారు. కాంట్రాక్టు అయ్యాక ఇంటికి పంపించారు. మళ్లీ ఫోన్ చేస్తాం, సిద్ధంగా ఉండండి అన్నారు. తమ్ముడు పెట్టెతో బస్సు దిగినప్పుడు నాయన ఎదురుపోయి పెట్టె తానే అందుకున్నాడు. బండి దగ్గర ఎవరడిగినా, "సెలవు మీద వచ్చినాడు" అనేవాడు. ఆ సెలవు ఎంతకూ తరగలేదు. అడిగేవాళ్లు అడగడం మానేశాక కూడా, అడగకుండానే చెప్పేవాడు.

తమ్ముడు అక్కడి నుంచి ఒక గుడ్డ తెచ్చాడు. అంచున రోలరు వేడికి చిన్నగా కాలింది, బల్లకు పనికిరాదని పక్కన పడేస్తే, తన పై అధికారిని అడిగి తెచ్చుకున్నాడు. మా నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో నలిపి చూశాడు. వెలుగుకు ఎత్తి చూశాడు. కుట్టు చూడమని నాకిచ్చాడు. కుట్టు చక్కగా ఉంది.

"ఒకసారి పరచరా, చూద్దాం. వాళ్లకి ఎట్టా పరుస్తారో అట్టనే" అన్నాడు.

మా ఇంట్లో భోజనాల బల్ల లేదు. నేను గుడ్డ కత్తిరించే బల్ల ఒకటుంది. దాని మీది జాకెట్లన్నీ మంచం మీదికి నెట్టేశాం. తమ్ముడు గుడ్డను ఒక్కసారి విదిలించి వదిలాడు. అది గాలి నింపుకుని మెల్లగా దిగింది. అంచులు నేలకు ఆనాయి. గది గదే మారిపోయినట్టనిపించింది, గోడకున్న దారం ఉండలతో సహా. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"కూర్చో నాయనా" అన్నాడు తమ్ముడు, స్టూలు వెనక్కి లాగి పట్టుకుని. నాయన సిగ్గుపడ్డాడు. అరచేతులు లుంగీకి తుడుచుకుని కూర్చున్నాడు. ఆ రోజు సోమశిల చేపలు దొరికితే అమ్మ మామిడికాయ వేసి పులుసు చేసింది. కంచంలో అన్నం, పులుసు పోసి ఎదురుగా పెట్టింది. నాయన కంచం వంక చూశాడు, గుడ్డ వంక చూశాడు. కంచం ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏంది నాయనా, బల్ల మీద పెట్టుకుని తిను" అన్నాన్నేను.

"పులుసులో పసుపుండాది పాపా. పడితే మళ్లా..." అని, బల్ల నుంచి అర గజం వెనక్కి జరిగి, అలాగే ఒళ్లో కంచంతో తిన్నాడు. ఎదురుగా అంత బల్ల, దాని మీద మల్లెపువ్వు లాంటి గుడ్డ, దానికి దూరంగా వంగి ఆయన. మేం పడీ పడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి తానే ఆ గుడ్డను మడతపెట్టాడు. "ఫోనొస్తే నువ్వు పోతావు గదా. పోయినాక తీరిగ్గా తింటాలే దీని మీద" అన్నాడు తమ్ముడితో.

ఫోన్ రాలేదు. ఏదో ఒకటి చేయాలి కదా. తమ్ముడు ఆత్మకూరులోనే ఒక టెంటు హౌసులో చేరాడు. కలిగిరి, మర్రిపాడు, చేజర్ల, ఎక్కడ పెళ్లుంటే అక్కడికి వ్యానులో పోతాడు. తివాచీ పరుస్తాడు. భోజనాల బల్లల మీద పేపరు రోలు పరుస్తాడు. బంతి లేవగానే ఆకులూ ఎంగిలీ అన్నీ కలిపి ఆ పేపరును చాపలాగా చుట్టి గుంటలో పడేసి, ఇంకోటి లాగుతాడు. ఉతికే పని లేదు, నీళ్ల పని లేదు. ఓడలో వద్దన్నవాళ్లు చూస్తే చాలా సంతోషించేవాళ్లు.

నాయన ప్రతి సాయంత్రం వాడు రాగానే ఒకటే అడిగేవాడు. "ఓడ వాళ్ల ఫోనేమన్నా వచ్చిందా?" లేదంటే సరే అని తల ఊపేవాడు. ఆయాసం ఎక్కువైంది. బండి మానేయమన్నాం. "వాడు ఓడ మీదికి పోయిందాకా" అన్నాడు. ఒకరోజు తెల్లవారుతూనే బండి దగ్గర బొగ్గులు రాజేస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. టీ కొట్టు ఆయన పరిగెత్తుకొచ్చి చెప్పాడు. మేం పోయేసరికి పెట్టెలో బొగ్గులు ఎర్రగానే ఉన్నాయి. నేను ఎవరి మీద పడి ఏడవాలో తెలియక ఆ బండి పట్టుకుని ఏడ్చాను.

పెద్దకర్మ రోజు బంధువులకు భోజనాలు వాకిట్లో షామియానా కింద. బల్లల మీద పేపరు రోలు మా తమ్ముడే పరిచాడు, చేతికి అలవాటైన పని. లోపల నాయన ఫోటో ముందు ఆకు వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాలి. అమ్మ చేపల పులుసు తానే చేస్తానని పట్టుబట్టి చేసింది. నేల తుడిచి ఆకు వేయబోతుంటే తమ్ముడు ఆగమన్నాడు. బీరువాలోంచి ఆ గుడ్డ తెచ్చాడు.

నా కత్తిరింపు బల్లను ఫోటో ముందుకు లాగాడు. గుడ్డ విదిలించాడు. అది మళ్లీ అలాగే గాలి నింపుకుని దిగింది. దాని మీద ఆకు వేసి, ఇద్దరం కలిసి అన్నం పెట్టాం, ఇగురు పెట్టాం, వడలు పెట్టాం. పులుసు అమ్మ పోసింది. చేయి జారిందో, కావాలనే ఎక్కువ పోసిందో నేనడగలేదు. పులుసు అన్నం మీద నుంచి జారి, ఆకు అంచు దాటి, తెల్లగుడ్డ మీదికి పారింది. చూస్తుండగానే పచ్చటి మరక అరచేయంత అయింది.

"అయ్యో, తియ్యండి తియ్యండి, పసుపు పట్టేస్తాది" అని మా పిన్నమ్మ ముందుకొచ్చింది. ఆమెదీ చాకలి ఇల్లే కదా, చేతులు ఊరుకోవు.

"తియ్యబాకండి" అంది అమ్మ. "ఆయన తింటా ఉండాడు."

పిన్నమ్మ చేయి వెనక్కి తీసుకుంది. తమ్ముడు అప్పటిదాకా ఏడవలేదు. ఫోటో ముందు స్టూలు వెనక్కి లాగి పట్టుకుని, అలా నిలబడే ఏడ్చాడు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆకు తీశాం. మెతుకులు దులిపి గుడ్డ చేత్తో పట్టుకుని తమ్ముడు వాకిట్లోకి వచ్చాడు. దండెం మీద ఇంకా ఎండ ఉంది. ఆరేస్తే రెండు మూడు రోజుల్లో ఆ మరక విరిగిపోతుంది, మా నాయన చెప్పిందే. వాడు దండెం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఎండ తగలనీయబాక" అన్నాను.

వాడు తలాడించి లోపలికి వచ్చాడు. వంటగదిలో, వెలుగు పడని మూల, ఒక తాడు కట్టి దాన్ని నీడలో ఆరేశాడు. ఇప్పుడది బీరువాలో మడతపెట్టి ఉంది, మరక లోపలి వైపుకు. మా ఇంట్లో ఉతకని గుడ్డ అదొక్కటే.