తులసి నీళ్ళు పోసినాయన

నాకు చదవడం సరిగా రాదు, వార్తలు ఫోన్లో వింటాను. ఆ రోజు ఇంగ్లండులో, మా లీసెస్టర్ ఊరి బస్సులో అలాగే విన్నాను. జర్మనీలో ఒక మగ నర్సు, బతికించి మెప్పు పొందాలని తనే రోగులకు గుండె ఆగే మందులెక్కించి ఎందరినో చంపాడట. యావజ్జీవం వేశారట.

పక్కన నడివయసు తెలుగాయన కూర్చున్నాడు.

"విన్నావా బాబూ? ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మా ఆయన దగ్గరా ఒక మగ నర్సుండేవాడు. ఇంజెక్షన్ చేశాడు, గంటలో ప్రాణం పోయింది. వాడూ ఇలాంటోడేనేమో!" అన్నాను గట్టిగా.

"అప్పుడు మీరు దగ్గరున్నారా ఆంటీ?"

"లేను. స్నానానికి ఇంటికెళ్ళాను."

"మరి అంకుల్ నోట్లో నీళ్ళెవరు పోశారు?"

నేను మంచం పక్కన పెట్టి వెళ్ళిన తులసి నీళ్ళు, అవెందుకో మా అమ్మాయిని ఫోన్లో అడిగి మరీ పోసింది ఆ నర్సే.

"ఆయనే," అన్నాను తల దించుకుని.

తెలుగాయన లేచి కోటు సర్దుకుంటుంటే మెడలో ఆసుపత్రి కార్డు కనిపించింది.

"నేనూ నర్సునే ఆంటీ. నా స్టాపొచ్చింది. మీరు దిగేటప్పుడు జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది."

ఆ నీళ్ళు పోసినాయనకు నేనొక దండమైనా పెట్టలేదు. పేరు కూడా అడగలేదు.