ఉసామా గుర్రం, నా నారింజ పట్టీ

నా చిన్నప్పుడు నాకొక నారింజ రంగు పట్టీ ఉండేది. భుజం మీదుగా వచ్చి నడుం చుట్టూ బిగుసుకునేది, దాని మీద కెప్టెన్ అని రాసిన బ్యాడ్జి. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లకీ స్కూలుకీ మధ్య ఒక రోడ్డు ఉండేది. పొద్దున పిల్లలు ఆ రోడ్డు దాటేటప్పుడు ఐదో తరగతివాళ్లం కొందరం అంచున నిలబడి, చేతులు చాచి, కార్లు పోయేదాకా మిగతావాళ్లని ఆపేవాళ్లం. ఆ కొందరికీ నేను కెప్టెన్ని. ఇండియా నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇంగ్లీషులో జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వేదాన్ని. అలాంటి నేను చెయ్యి చాస్తే పిల్లలందరూ ఆగేవారు. రాత్రి ఆ పట్టీని మడతపెట్టి దిండు పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని.

మేము సీమ నుంచి వెళ్లిన దూదేకులవాళ్లం. ఇంట్లో నమాజు, నోట్లో తెలుగు. ఈ రెండూ ఒకచోట ఎలా కుదిరాయని తెలుగువాళ్లు ఆశ్చర్యపోయేవారు. ఉర్దూ రానివాళ్లు మీరేం ముస్లింలని పండగ నమాజులో కలిసేవాళ్లు పెదవి విరిచేవారు. అమెరికా పిల్లలకి ఈ గొడవలేవీ తెలియవు. వాళ్లకి తెలిసింది ఒక్కటే. ఇరాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్లని బందీలుగా పట్టుకున్నారు, రోజూ టీవీలో అదే చూపిస్తున్నారు. ఆ చలికాలానికి కాస్త ముందే నేను క్లాసులో నిలబడి రంజాన్ గురించి సంబరంగా చెప్పి ఉన్నాను. ఇంకేం, నేను ఇరాన్ పిల్లనైపోయాను.

ఒక శుక్రవారం మా పట్టీల సంగతి చూసే టీచరు నన్ను పక్కకి పిలిచాడు. మంచివాడే. కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేస్తున్నారనీ, నేను చెయ్యి చాస్తే తమ పిల్లలు ఆగాల్సి రావడం వాళ్లకి నచ్చడం లేదనీ, మెల్లగా చెప్పాడు. నన్నెవరూ తీసెయ్యడం లేదట. సోమవారం నేనే పట్టీ తెచ్చి ఇచ్చేస్తే అందరికీ బావుంటుందట. పరిస్థితులు చక్కబడేదాకా, కొన్నాళ్లే. అంత తియ్యగా అడిగితే కాదనడం నాకు చేతకాలేదు. తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా నాన్నకి చెప్పాను. మందుల కంపెనీలో కెమిస్ట్ ఆయన. ఆఫీసులో ఆయనకీ ఏవో మాటలు తగులుతూనే ఉండాలి, మాకు చెప్పేవాడు కాదు.

“ఇచ్చెయ్ పాపా. టైమ్స్ బాగాలేవు. కొన్నాళ్లు తలొంచుకుని పోతే అన్నీ సెటిల్ అయితాయి,” అన్నాడు.

మూల కూర్చుని పాత చీరలతో బొంత కుడుతున్న మా జేజి తల ఎత్తింది. జేజి అంటే మా నాన్నకి అమ్మ. అంతకు ముందటి ఏడే ఇండియా నుంచి మా దగ్గరికొచ్చింది.

“యాల ఇయ్యల్లరా? ఏం తప్పు చేసింది బిడ్డ?”

“అమ్మా, ఈ దేశం సంగతి నీకు తెలీదు.”

“దేశం తెలీకపోతే ఏంలే. తలకాయ యా దేశంలో వొంచినా తలకాయే గదరా.”

జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉసామా కథ చెప్పింది. ఆ పేరు తర్వాతి రోజుల్లో ఇంకెవడి వల్లనో మసిబారింది. ఇప్పుడు పైకి అంటే పక్కవాళ్లు ఉలిక్కిపడతారు. పడనీ. నేను విన్న ఉసామా జైద్ కొడుకు, ప్రవక్త కాలం వాడు. ఆయన్ని ఇంకొకడి కోసం నేనెందుకు వదులుకోవాలి?

ఉసామా నాన్న ఒకప్పుడు బానిస. అమ్మ హబషీ మనిషి, అంటే ఇథియోపియా వైపు నల్లని మనిషి. ఇరవై ఏళ్లు నిండాయో లేదో, ప్రవక్త ఆ కుర్రవాణ్ణి షాము, అంటే సిరియా సరిహద్దుకి వెళ్లే సైన్యానికి సేనాపతిని చేశారు. ప్రవక్త సహచరుల్లో ఉమర్ లాంటి పెద్దపెద్దవాళ్లు అతని కింద మామూలు సిపాయిలు. జనం గొణిగారు. వీడి వయసెంత, వీడి పుట్టుకేమిటి అన్నారు. ప్రవక్త జబ్బుతో ఉండి కూడా తలకి గుడ్డ కట్టుకుని బయటికొచ్చారట. ఇతని తండ్రిని నాయకుణ్ణి చేసినప్పుడూ ఇలాగే అన్నారు, అతను తగినవాడే, ఇతనూ తగినవాడే అని అందరిముందూ చెప్పారట. సైన్యం కదలకముందే ఆయన కన్నుమూశారు. నాలుగు దిక్కులా తిరుగుబాట్లు లేచాయి. ఇప్పుడైనా పెద్దవాణ్ణెవరినైనా పెట్టండని జనం మళ్లీ అడిగారు. ప్రవక్త తర్వాత పెద్దరికం మీదపడిన అబూబకర్ ససేమిరా అన్నాడు.

అక్కడితో ఆగలేదు. సైన్యాన్ని సాగనంపడానికి ఉసామా గుర్రం పక్కన ఆ ముసలాయన కాలినడకన బయల్దేరాడు. ఉసామాకి సిగ్గేసింది. మీరైనా ఎక్కండి, లేకపోతే నేనైనా దిగుతాను అన్నాడు. నేను ఎక్కను, నువ్వు దిగద్దు అన్నాడు అబూబకర్. ఇంకాస్త దూరం పోయాక, ఊళ్లో నాకు తోడుగా ఉమర్ కావాలి, నువ్వు సరేనంటే ఉంచుకుంటాను అని అడిగాడు. అందరికీ ఏలిక అయినవాడు ఆ పిల్లవాడి దగ్గర అనుమతి తీసుకున్నాడు. ఉసామా ఆ దండయాత్ర నుంచి గెలిచి వచ్చాడు.

“దిగమని ఎవురైనా అంటారు పాపా. దిగేది మాత్రం మనమే గదా,” అంది జేజి దారం కొరుకుతూ.

సోమవారం పట్టీ వేసుకునే బయల్దేరాను. మూల మలుపులో నిలబడి చేతులు చాచాను. మా క్లాసు కుర్రవాడొకడు ఇరాన్ ఆర్డర్లు మాకక్కర్లేదని నా చేతి కింద నుంచి దూరి వెళ్లిపోయాడు. వాడి వెనక ఇంకొందరు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పుడొచ్చింది మా జేజి. చీర మీద మా నాన్న పాత కోటు, కాళ్లకి ఆయన మంచు బూట్లు. నా చేతి వెనక వచ్చి బుద్ధిగా నిలబడింది. కార్లు పోయాయి, నేను చేతులు దించాను. ఆవిడ కదలలేదు. ఆదివారమంతా వంటింట్లో వల్లెవేసిన ఇంగ్లీషు ముక్క వీధంతా వినబడేలా అడిగింది.

“మే ఐ గో, కెప్టెన్?”

వెళ్లమన్నాను. దాటింది. మళ్లీ వచ్చింది, మళ్లీ నిలబడింది, మళ్లీ అడిగింది. ఆ చలిలో అలా తిరుగుతూనే ఉంది. పిల్లలు ముందు కిసుక్కున నవ్వారు. తర్వాత ఓ చిన్న పాప జేజి కోటు పట్టుకుని తనూ అడిగింది. ఇంకొకడు ఆటలాగా అడిగాడు. నా చేతి కింద దూరినవాడి తల్లి కారు దిగి, విసవిసా వచ్చి రోడ్డు దాటబోయింది. జేజి ఆవిడకేసి తిరిగి, “వెయిట్. కెప్టెన్ సేస్ వెయిట్,” అంది. ఆవిడ మొహం ఎర్రబడింది. కానీ ఆగింది.

గంట కొట్టాక పట్టీతోనే టీచరు ముందుకి వెళ్లాను. నేను ఇవ్వను, మీకు కావాలంటే మీరే విప్పండి అన్నాను. ఆయన నన్ను చూశాడు, బ్యాడ్జిని చూశాడు, క్లాసుకి వెళ్లమన్నాడు. వేసవి సెలవుల దాకా పట్టీ నా ఒంటిమీదే ఉంది. నా చేతికి ఆగనివాళ్లు ఆఖరిదాకా ఆగలేదు. ఆ కుర్రవాడు మరీను.

ఆ సోమవారానికి మర్నాడు పొద్దున మలుపులో మా నాన్న కారు ఆగింది. ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి టై సర్దుకుంటూ దిగి, పిల్లల మధ్య, నా చేతి వెనక నిలబడ్డాడు. నా మొహంలోకి చూడలేకపోయాడు.

“మే ఐ గో, కెప్టెన్?” అన్నాడు.

అబూబకర్ తర్వాత ఉమర్ తానే ఏలిక, ఖలీఫా అయ్యాక కూడా, ఉసామా ఎదురుపడితే సేనాపతీ అనే పలకరించేవాడట. మా జేజి కూడా అంతే. నన్ను మళ్లీ పేరుపెట్టి పిలవలేదు. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆవిడ ఇండియాకి వెళ్లిపోతానంది. ఎయిర్‌పోర్ట్‌లో వెనక జనం తోసుకుంటున్నా ఆగి, అదే ప్రశ్న అడిగింది. నేను చేతులు చాచి నిలబడ్డాను. చాలాసేపు దించలేదు.

ఆ తర్వాత ఉద్యోగాల్లో, మీటింగుల్లో, నా మంచి కోసమేనంటూ కొన్నాళ్లు పక్కకి తప్పుకోమన్నవాళ్లు ఎందరో. అందరికీ ఒకటే చెప్పాను, విప్పాలనుకుంటే మీరే విప్పండని. ఒకరిద్దరు నిజంగానే విప్పారు. నా అంతట నేను మాత్రం ఏ గుర్రమూ దిగలేదు.